ఏడేండ్ల పాదంతో కొలిచిన పాతర

మా మేనమామ ఏ పెండ్లికి పోయినా, పంక్తిల అందరు కూసున్నంక ఒకటే ముచ్చట షురూ చేస్తడు. "మా అక్క చిన్నప్పుడు లంకెబిందెలు చూసిందట! ఎవలికన్న కావాలంటె ఆమెను అడుగుండ్రి" అంటడు. పప్పు వడ్డించేటోడు సుత గరిటె ఆపి నవ్వుతడు. మా అమ్మ గూడ నవ్వుతది. ఇస్తరాకు దిక్కు చూసుకుంట నవ్వుతది. గా నవ్వు చూస్తె నాకు ఒళ్లు మండుతది.

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, గది తాండూర్ల నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ప్రతి ఆడమనిషికి ఎరుకే. కొలతలిచ్చి పోయి, మల్ల వచ్చి "జర వదులు చెయ్యి, ఇక్కడ జర బిగువు చెయ్యి" అంటె టేపు తీసి బల్ల మీద ఏస్త. "పో, ఇంకోతాన కుట్టించుకో" అంట. అయినా నా తానకే వస్తరు, కుట్టు మంచిగుంటది గనక. కాని మేనమామను ఏమంటం? అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పైంగ మనిషి చెడ్డోడు గాదు. పిసినారి, నోటి తీట, అంతే.

లంకెబిందెల ముచ్చట ఎన్కటిది. మా అమ్మమ్మోళ్ల ఊరు కోట్‌పల్లి దిక్కు. గా కాలంల ఆ ఊళ్లె ప్రతి వాకిట్ల పాతర ఉండేదట. పాతరంటె జొన్నలు దాసుకునే గుంత. మూతి సన్నగ, లోపట కడుపు పెద్దగ తవ్వుతరు. అడుగున చొప్ప పరిచి జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి, మట్టీ పేడా కలిపి అలికేస్తరు. ఇగ దానికి పురుగు భయం లేదు, ఎలుక భయం లేదు. అలికే పని ఆడోళ్లది.

మా తాతకు పక్క చేనాయనతోటి గెట్టు పంచాయితి వచ్చి కోర్టుకెక్కిండు. వకీలుకిచ్చెటందుకు అమ్మమ్మ దాసుకున్న వెండి అమ్ముతానన్నడు. కాళ్ల కడియాలు, దండ కడియాలు, అన్ని ఆమె తల్లిగారు పెట్టినయి. తెల్లారి చూస్తె సందుగ పెట్టెల ఒక్కటి లేదు. "నీ తల్లిగారింటికి దాటిచ్చినవు" అని తాత లొల్లి. అమ్మమ్మ నోరు తెరువలే. తాత చెయ్యి లేపిండు. గప్పుడు మా అమ్మకు ఏడేండ్లు. తల్లికి దెబ్బలు పడుతయని భయపడి ఉరికొచ్చి చెప్పేసింది. "దాటియ్యలే నాయినా! పాతర బండ కింద గూడు తవ్వింది, ఇత్తడి గిన్నెల పెట్టింది, నేను చూసిన."

అమ్మమ్మ గిర్రున తిరిగి బిడ్డ చెంప పగిలేటట్టు కొట్టింది. "నోరు తెరిస్తె అబద్ధాలే దీనికి! పాలు ఇది తాగి పిల్లి తాగిందంటది!" అన్నది. తాత పెండ్లాం మాటే నమ్మిండు. వానల ముంగట పాతర విప్పితె జొన్నలకు తేమ పడుతదని అటు దిక్కు పోలే.

ఆ యేడు వానకాలంలనే అమ్మమ్మ జరమొచ్చి సచ్చిపోయింది. మామ గప్పటికి తొట్టెల ఉన్నడు. జొన్నలు తీసిన్నాడు మూతి కింద తడిమి చూసినోళ్లు లేరు, అమ్మను అటు పోనియ్యలే. కొన్నేండ్లకు ఊళ్లె పాతరలు వాడుడు బందైంది, బండల మీద మట్టి పడి కనపడకుండ పోయినయి. మా అమ్మకు మాత్రం ఆ పేరు మిగిలింది. అబద్ధాలకోరు. తాత బతికినన్ని రోజులు అన్నడు, తాత పోయినంక మామ అందుకున్నడు. తల్లి తన గురించి చెప్పిన ఆఖరి మాట గదేనని అమ్మ కడుపుల పెట్టుకున్నది. పోయినేడు ఒకనాడు అన్నం తినుకుంట, "బిడ్డా, నేను నిజంగనే చూసిననా, కలగన్ననా?" అని నన్నే అడిగింది. డెబ్బై దాటిన మనిషి!

గిట్లుండంగ ఎండకాలం వచ్చింది. అమ్మ నా తానే ఉంటది. పగటిపూట గిరాకి ఉండదు, కరెంటు ఉంటె ఉంటది లేకుంటె లేదు. మిషిను మీద దారం డబ్బకు ఫోను ఆనిచ్చి సినిమాలు పెట్టుకుంటం. ఒకనాడు కొరియా సినిమా ఒకటి తగిలింది, తెలుగుల మాట్లాడుతున్నరు. ఎన్కటి రాజుల కాలం సొమ్ము ఎక్కడనో భూమిల ఉన్నది, దాన్ని తవ్వెటందుకు నలుగురు జమైతరు. ఒకడు తెలివి చెప్పేటోడు, ఒకడు తవ్వేటోడు, ఒకామె మాటలతోటి బురిడి కొట్టిచ్చేది, ఒకడు ఉత్తగ తినేటోడు. మస్తు నవ్వులు.

అమ్మ ఆ సినిమా నాలుగుసార్లు చూసింది. వాళ్ల పేర్లు ఆమె నోటికి తిరుగయి గనక అందరికి మన చుట్టాల వరసలు పెట్టుకున్నది. పొడుగోడు "మన పెద్దబాపు లెక్క నడుస్తుండు", తినేటోడు "అచ్చం నా తమ్ముడే". ఒకటే బాధ ఆమెకు. "గంత పెద్ద గుంత తవ్వుతున్నరు గద, ఒక్కడన్న టెంకాయ కొట్టడేంది? భూమిని తవ్వేముంగట దండం పెట్టద్దా? గందుకే వాళ్లకు అడుగడుగున తిప్పలు" అన్నది. నేను నవ్వి ఊకున్న. అక్కడ చెవి పెట్టాల్సి ఉండె, పెట్టలే.

అదే వారం మామ ఫోను చేసిండు. "కోడలా, మన వాకిట్ల నాపబండలు పరిపిస్తున్న. కింద సిమెంటు పోసి గట్టిగ చేయిస్త. తాండూర్ల నీకు ఎరుకైన పాలిషు మిషినోళ్లు ఉంటరు గద, జర అగ్గువకు మాట్లాడు" అన్నడు. ఫోను పెట్టేసినంక అమ్మకు చెప్పిన. ఆమె చేతిల ఉన్న చాయ గిలాస కింద పెట్టింది. "ఇగ ఐపాయె" అన్నది. లోపలికి పోయి పండుకున్నది.

నాకు పిచ్చి లేసింది. సిమెంటు పడ్డదంటె మా అమ్మ పుట్టు అబద్ధాలకోరుగనే పోతది. పోనీ మామకు సక్కగ చెప్దమా అంటె, ముందుగాల పడిపడి నవ్వుతడు, తర్వాత గజగజ వణుకుతడు. ఎందుకంటె మా దిక్కు వాకిట్ల గుంత తవ్వుతున్నరంటె చాలు, గుప్త నిధులంటరు, క్షుద్ర పూజలంటరు, పోలీసులకు ఫోను పోతది. "నా వాకిట్ల గడ్డపార పడ్డదంటె చూడు" అని మామ ఎన్నడో చెప్పి పెట్టిండు.

గప్పుడు సినిమా యాదికొచ్చింది. నలుగురు కావాలె గద! నేను తెలివి చెప్పేదాన్ని. అమ్మ జాగ చూపెట్టేది. తవ్వేటోడు కావాలె. మా ఎనుక గల్లిల చాచా ఉంటడు. నలభై ఏండ్లు బండల గనుల పని చేసిండు. గడ్డపార మొనతోటి బండ మీద టక్కుమని కొట్టి చెవి పెడితె లోపట పగులుందా, బోలుందా చెప్తడు. ఇప్పుడు కొడుకులు పనికి పోనిస్తలేరని ఇంట్ల ఎగిరెగిరి పడుతుంటడు. సంగతంత చెప్పిన. గడ్డం దువ్వుకున్నడు. "సొమ్ము దొరికితె?" అన్నడు. "సొమ్ము కోసం గాదు చాచా. మా అమ్మ అబద్ధం చెప్పలేదని చూపియ్యాలె" అన్న. "హౌ బేటీ, గట్లయితె వస్త. సొమ్ము కోసమైతె నక్కో, రాను" అన్నడు. నాలుగోటోడు, ఉత్తగ తినేటోడు, మాకు అక్కర లేకుండె.

ఇగ మామకు ఏం చెప్పాలె? ఇంకుడు గుంత! ప్రతి ఇంటికి ఇంకుడు గుంత ఉండాలని పంచాయితోళ్లు మైకుల మొత్తుకుంటనే ఉంటరు. తాడిచెట్టు ఎందుకెక్కినవంటె దూడగడ్డి కోసమన్నట్టు గాకుండ, అచ్చం నిజం లెక్క ఉన్నది. "మామా, బండలు పరిస్తె వాన నీళ్లన్ని నీ గడప లోపటికే వస్తయి. ముంగట ఇంకుడు గుంత తవ్వియ్యి. మనిషిని నేనే తీసుకొస్త, మా ఇంటి మనిషి లెక్క, కూలి గిట్ల తీసుకోడు" అన్న. కూలి తీసుకోడు అన్న మాట ఇన్నడు, మిగిలిందేది ఇనలే. "రేపే రాండ్రి" అన్నడు.

తెల్లారి తాండూర్ల పాసింజరు బండెక్కినం, ధారూర్ల దిగి ఆటో మాట్లాడుకోవాలె. చాచా గడ్డపారను బొంతల చుట్టి ఒడిల పెట్టుకున్నడు. సందేహం రాకుండ గమ్మున కూసోవాలని ఇద్దరికి చెప్పిన. రుక్మాపూర్ దాటక ముందే ఎదురుంగ కూసున్నామె అడగనే అడిగింది. "గదేందక్కా బొంతల?"

నేను "మంచం కోళ్లు" అనేలోపల అమ్మ నోరు తెరిచింది. "గడ్డపార బిడ్డా. మా తమ్ముని వాకిట్ల పాతర ఉన్నది, వానికి తెల్వకుండ తవ్వెటందుకు పోతున్నం. ఇంకుడు గుంత అని చెప్పినం" అన్నది. నా పానం పోయినంత పనైంది. డబ్బల ఉన్నోళ్లందరు ఫక్కున నవ్విన్రు. "ముసలమ్మ మస్తు మజాకులాడుతది" అన్నరు. ఒక్కరు నమ్మితె ఒట్టు. ఒక్క అబద్ధం సక్కగ చెప్పరాదు ఈమెకు, ఈమెనా అబద్ధాలకోరు?

చాచా బండి దిగంగనే చేతులు జోడించిండు. "ఆపా, మీరు ఇగ మాట్లాడద్దు. పన్ను నొస్తున్నదనుండ్రి" అన్నడు. నేను నా కొంగు చింపినంత పని చేసి ఒక గుడ్డ తీసి అమ్మ దవడకు కట్టిన. గట్ల మూటగట్టుకోని తమ్ముని ఇంట్ల కాలు పెట్టింది. మేనత్త పాపం లవంగం తెచ్చి పంటి కింద పెట్టింది, ఉప్పు నీళ్లు కాసింది. మామ చాచాకు వాకిలి మూల చూపిచ్చి, "గీడ తవ్వు భాయ్, ఇంకెక్కడ ముట్టకు" అని, మేస్త్రిని తోలుకొస్తానని బండి మీద ధారూర్ పోయిండు. మామ మలుపు తిరిగిండో లేదో, మేనత్త వంటింట్ల ఉండంగనే మేము మూల ఇడిసి నడి వాకిట్లకు వచ్చినం.

ఇల్లు మారింది, గోడలు మారినయి, కాని ఎన్కటి రోలు భూమిల పాతిపెట్టినట్టే ఉన్నది. అమ్మకు అది చాలు. "రోలు కాడికెల్లి తూర్పు గోడ దిక్కు ఇరువై అడుగులు. మడిమెకు ఏలు ఆనిచ్చి కొలిసిన, గుర్తుండాలని" అని దవడ మూటల నుంచే గొణిగింది. నేనే కొలిసిన, మడిమెకు బొటనేలు ఆనిచ్చుకుంట. ఇరువై లెక్కకు వచ్చినకాడ చాచా గడ్డపారతోటి కొట్టి ఇన్నడు. తల అడ్డం ఊపిండు. అయినా తవ్వుమన్న. మోకాలు లోతు తవ్విండు. ఎర్రమట్టి, దాని కింద ఇంకా ఎర్రమట్టి. చాచా చెమటలు తుడుసుకుంట నా మొకం దిక్కు చూసిండు. అమ్మ మొకం చిన్నబోయింది. "కలనే కావొచ్చు బిడ్డా. పోదం పాండ్రి" అన్నది.

నాకు ఆమె మీద కోపమొచ్చింది, నా మీద కోపమొచ్చింది, ఆ రోలు మీద గూడ వచ్చింది. రోలు మీదనే కూసున్న. మెడల టేపు వేలాడుతున్నది, నేను పండుకున్నప్పుడు తప్ప తియ్యను దాన్ని. టేపు చేతిల పట్టుకోని నా కాళ్ల దిక్కు చూసుకున్న. అప్పుడు తట్టింది. దినాం గౌన్లు కుట్టేదాన్ని, ఏడేండ్ల పిల్ల కొలత ఎంతుంటదో ఎరుకైనదాన్ని, నా అంత మొద్దుది ఇంకోతి లేదు! ఆమె కొలిసింది ఏడేండ్ల పాదంతోటి. నేను కొలిసింది నలభై ఎనిమిదేండ్ల గాడిద పాదంతోటి.

ఏడేండ్ల పిల్ల పాదం ఏడు ఇంచులకు కొంచెం అటిటు ఉంటది. ఇరువై ఏడ్లు నూట నలభై. టేపు పరిచి రోలు కాడికెల్లి కొలిచినం. మొదటి గుంత కన్న ఎంతో ఇవతల పడ్డది. చాచా గడ్డపార ఎత్తి దించిండు. కళ్లు మూసుకోని మల్ల దించిండు. "బోలు ఉన్నది" అన్నడు. మట్టి తీస్తె జానెడు కిందనే నాపబండ అంచు తగిలింది.

సినిమాలయితె ఇక్కడ గబగబ సొమ్ము తీసుకోని ఉరుకుతరు. మా అమ్మ, "ఆగుండ్రి!" అన్నది. దవడ మూట ఇప్పేసింది, దాంతోటి కొప్పు గూడ ఊడింది. సంచిల చెయ్యి పెట్టి ఒక్కొక్కటి తియ్యవట్టింది. టెంకాయ. పసుపు. కుంకుమ. రెండు నిమ్మకాయలు. ఊదుబత్తులు. మాకు చెప్పకుండ ఇంటికాడనే సదురుకున్నది.

"అమ్మా, ఏందిది! ఇవి చూస్తె ఊరోళ్లు ఏమనుకుంటరు?" అన్న.

"ఏమన్న అనుకోనీ. పాతర అంటె లచ్చిమి. మా అమ్మ ఎన్నడు టెంకాయ కొట్టకుండ బండ లేపలే. నువ్వు నాకు చెప్తవా?" అన్నది. చాచా ఏమంటడోనని చూస్తె, ఆయన జేబు రుమాలు తీసి తల మీద కప్పుకోని పక్కకు జరిగి నిలబడ్డడు. ఇగ నేనేం చేస్త! అమ్మ బండకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, నిమ్మకాయ కోసి అటొకటి ఇటొకటి పెట్టింది. టెంకాయ ఫటేల్మని కొట్టింది. ఆ సప్పుడుకు పక్కింటామె గోడ మీదికెల్లి తొంగి చూసింది.

ఆమెకు కనపడ్డది ఇది: నడి వాకిట్ల గుంత, పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు, పొగ, తెల్ల జుట్టు ఇరబోసుకున్న ముసలామె, గడ్డపార పట్టుకున్న గడ్డపాయన. ఆమె ఒక్కటే కేక పెట్టింది. "గుప్త నిధులు!"

పావు గంటల వాకిలి నిండింది. పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి వచ్చినామె ఉన్నది, చెయ్యి కడుక్కోకుండ వచ్చినాయన ఉన్నడు. ఫోన్లు లేసినయి. ఒకాయన పోలీసులకు చెప్పాలన్నడు, ఇంకొకాయన ముందుగాల ఏం దొరుకుతదో చూసి చెప్దమన్నడు. మేనత్త నా దిక్కు చూసి, "ఇంకుడు గుంతకు నిమ్మకాయలెందుకమ్మా?" అని మెల్లగ అడిగింది. గా టైముకు మామ వచ్చిండు. ఎనుక మేస్త్రి. మందిని చూసి బండి అట్లనే కింద పడేసి ఉరికొచ్చిండు.

"అక్కా! నా ఇజ్జత్ తీస్తివి గదనే! ముసలితనంల గీ పాడుబుద్ధేంది? రేపు పోలీసులొస్తె నేను జేలుకు పోవాల్నా?" అని నెత్తి కొట్టుకున్నడు.

నేను నోరు తెరిచిన, ఇగ నాకు పూనకమే. "ఓ మామా! పంక్తిల కూసోని మా అమ్మను ఎన్నిసార్లు అన్నవు? పెండ్లికొకసారి అన్నవు, సావుకొకసారి అన్నవు! గీ బండ లేపినంక గిన్నె లేకుంటె, నేను నీ కాళ్లు మొక్కి పోత. ఉంటె గదే పంక్తిల నిలబడి చెప్పాలె నువ్వు!" అన్న. మందిల ఎవలో "కరెక్టే" అన్నరు. మామ మంది దిక్కు చూసిండు. జనం ఎట్లాగు చూసేదాక కదిలేటట్టు లేరు. "లేపు భాయ్, ఈ లొల్లి తెగిపోనీ" అన్నడు.

చాచా, మేస్త్రి ఇద్దరు కలిసి బండ లేపిన్రు. లోపటికెల్లి ఎన్నేండ్ల వాసనో భగ్గుమన్నది. "ఎవలు ఒంగద్దు, గాలి పోనియ్యుండ్రి" అని చాచా అందరిని ఎనకకు నెట్టిండు. తర్వాత చాచా చెయ్యి పెట్టబోతె అమ్మ ఆపింది. "నా చెయ్యే పోవాలె."

మోకాళ్ల నొప్పులతోటి మెట్లు ఎక్కని మనిషి ఊరందరి ముంగట మట్టిల బోర్ల పండుకున్నది. కుడి చెయ్యి పాతర మూతి కిందికి పోయింది. మణికట్టు దాక. మోచెయ్యి దాక. గోడ తడుముకుంట పోతున్నదని ఆమె భుజం చూస్తె తెలుస్తున్నది. పొట్టు రాలుతున్న సప్పుడు ఇనపడ్డది. ఒక్కసారి చెయ్యి ఆగింది. "ఉన్నది" అన్నది అమ్మ. గట్టిగ గూడ అనలే.

తీసింది. ఇత్తడి గిన్నె, నల్లగ కమిలిపోయింది. జనం మీదికి ఒరిగిన్రు. గిన్నె ఖాళీ. గూట్ల మల్ల చెయ్యి పెట్టి చూస్తె చివికిపోయిన గుడ్డపేలిక ఒకటి, ముట్టుకుంటె పొడైంది. ఇంకేం లేదు. చాచా గూడు అంచుల దాక తడిమి చూసిండు. నిజంగనే ఏం లేదు.

"గుట్టను తవ్వి ఎలుకను పట్టిన్రు" అన్నడు ఒకాయన. నవ్వుకుంట ఒక్కొక్కరు కదిలిన్రు. పోలీసులకు ఫోను చేస్తానన్నాయన ఫోను జేబుల పెట్టుకున్నడు. మామకు పానం లేసొచ్చింది. పానం లేసొచ్చినంక పాత అలవాటు గూడ లేసొచ్చింది. "గిన్నె ఉంటె ఉన్నది గని అక్కా, వెండి ఏది? నాయిన చెప్పిందే నిజం. తల్లిగారింటికే పోయింది. గిన్నె సంగతి ఎట్లనో చూసినవు, మిగిలింది నువ్వు కలిపినవు" అన్నడు.

నేను లేవబోయిన. అమ్మ నా చెయ్యి పట్టుకోని కిందికి గుంజింది. ఆమె మామ మాట ఇన్నట్టే లేదు. గిన్నెను ఒడిల పెట్టుకోని తిప్పి తిప్పి చూస్తున్నది.

"తమ్మీ, ఇది బోర్లించి ఉండె" అన్నది.

"ఉంటె?"

"నేను చూసిన్నాడు మూతి పైకున్నది. కడియాలు లోపట ఏసి, మూత పెట్టి, గుడ్డతోటి కట్టింది. ఇప్పుడు గుడ్డ కింద ఉన్నది, గిన్నె దాని మీద బోర్లించి ఉన్నది. మూత లేదు. దొంగ తీస్తె గిన్నె ఇడిసిపెడుతడా? నాయిన తీస్తె ఖాళీ గిన్నె బోర్లించి పెడుతడా? ఏ మగోడన్న ఖాళీ గిన్నె బోర్లించంగ చూసినవా నువ్వు?"

మామ కన్న ముందుగాల మేనత్తనే "చూడలే" అన్నది.

"మా అమ్మనే తీసింది. కడియాలు, మూత కొంగుల ముడేసుకున్నది, గిన్నె కొంగుల దాగదు గనక గూట్లనే బోర్లించింది, మల్ల అలికేసింది. అలికేది ఆమెనే గద, ఎవలకు అనుమానమొస్తది?" అన్నది అమ్మ. "ఎందుకు తీసింది? నేను నాయినకు జాగ చెప్పిన గనక తీసింది. నేను చెప్పింది అబద్ధమైతె ఆమె తియ్యాల్సిన పనే లేదు. తమ్మీ, నేను నిజం చెప్పిన్నని మా అమ్మకు ఎరుక. నన్ను కొట్టిన్నాడు గూడ ఎరుక."

గట్లని ఏడ్చింది. చిన్నపిల్ల లెక్క, ముక్కు తుడుసుకోకుండ ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన, నాకేం సిగ్గు లేదు. చాచా అటు తిరిగి గడ్డపారకు అంటిన మట్టి గీకుకుంట నిలబడ్డడు. జనం పోయిన్రు. మేస్త్రి సుత బీడి ముట్టిచ్చుకోని బయట కూసున్నడు. వెండి యాడికి పోయిందో మాకు తెల్వదు. అమ్మమ్మ తల్లిగారింటికే పంపిందో, ఇంకో గూట్ల పెట్టిందో, చెప్పుకునేలోపల జరమొచ్చి పోయిందో. ఎవలు దాని గురించి అడగలే.

మామ నిలబడి నిలబడి, ఆఖరుకు వచ్చి అక్క పక్కన మట్టిలనే కూలబడ్డడు. తెల్ల ధోతి ఖరాబైతదని గూడ చూసుకోలే. గిన్నె అడిగి తీసుకున్నడు. బొటనేలితోటి దాని అంచు రుద్దిండు. ఆయన తొట్టెల ఉన్నప్పుడే తల్లి పోయింది. ఫోటువ ఒక్కటి లేదు. ఆమె ముట్టి పెట్టిన వస్తువు ఆయన చేతికి రావుడు గదే మొదలు.

"అక్కా" అన్నడు. గిన్నె అంచు రుద్దుకుంటనే అడిగిండు. "అమ్మ ఎట్లుండె? పొడుగా, పొట్టా? నన్ను ఎత్తుకునేదా?"

అమ్మ కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. "పొడుగు. నల్లగుండె నీ లెక్కనే. నిన్ను దించకపోతుండె" అని చెప్పవట్టింది. చానసేపు చెప్పింది. మామ నడుమల ఒక్కసారి గూడ నవ్వలే, ఒక్క మాటకు గూడ నిజమా అని అడగలే.